మా సుక్కడు

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు, చదువు గురించో క్రమశిక్షణ గురించో రాద్దామని మొదట అనుకున్నాను. అయితే ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న అయిదేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న చదువు గురించి కాదు. "మీ ఇంట్లో గుర్రం ఉందట కదా, నిజమేనా?" అని. నిజమే అంటే "మరి నువ్వు ఎక్కుతావా?" అని రెండో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు ఎప్పుడూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అడిగినవాళ్ళ మనసులో సినిమా గుర్రమో, పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రమో ఉండేది. మా గుర్రం అలాంటిది కాదు. అది నా ఛాతీ ఎత్తు ఉంటుంది. ఎక్కడానికి కాదు, మొయ్యడానికి. ఆ జవాబే ఇన్నాళ్ళకు వివరంగా రాస్తున్నాను.

మాది శృంగవరపుకోటకు పైన కొండల్లో ఉన్న చిన్న ఊరు. పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు. కింద మైదానం నుంచి చూస్తే కొండ పచ్చగా, దగ్గరగా కనిపిస్తుంది. నడిస్తేగాని దూరం తెలియదు. దిగడానికి రెండు గంటలు, బరువుతో ఎక్కడానికి మూడు గంటలు. మా పంటలు పసుపు, అల్లం, చోళ్ళు, సామలు. అడవి నుంచి చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు. ఇవన్నీ కిందికి దిగితేనే డబ్బు. ఉప్పు, నూనె, కిరాణా పైకి ఎక్కితేనే వంట. మనిషి కావడితో 30, 40 కిలోలు మోస్తాడు. ఆడవాళ్ళు నెత్తిమీద పెట్టుకుంటారు. చిన్న గుర్రం ఒకటి ఉంటే ఇద్దరు మనుషుల బరువు మోస్తుంది. ఆ ఇద్దరు మనుషులూ ఆ రోజు పొలంలో పని చేసుకోవచ్చు. అందుకే మా కొండల్లోనూ, అవతల అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, జి.మాడుగుల వైపు కొండల్లోనూ రోడ్డు లేని ఊళ్ళలో గుర్రాలను పెంచుతూ వచ్చారు. గుర్రం మాకు హోదా కాదు. కాళ్ళున్న లారీ.

దేశంలో గుర్రాలు తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 6.25 లక్షలు ఉంటే 2019 గణనలో సుమారు 3.4 లక్షలే తేలాయి. ఏడేళ్ళలో దాదాపు సగం పోయాయన్నమాట. అలా తగ్గిపోతున్న కాలంలోనే మా ఇంట్లో ఒక గుర్రప్పిల్ల పుట్టింది.

అది 2014 వేసవి. నేను ఆరో తరగతి పరీక్షలు రాసి ఇంటికి వెళ్ళాను. మా ఆడగుర్రం చూడితో ఉంది. గుర్రానికి చూడి కాలం సుమారు పదకొండు నెలలు. "రేత్రి ఈంతాది సూడు, పగలు ఈనదు" అన్నాడు తాత. ఆయన చెప్పినట్టే తెల్లవారుజామున ఈనింది. అడవిలో బతికిన జంతువులు చీకట్లోనే ఈనడం మేలని, పగలు శత్రువు కంట పడతాయని ఎం.ఎస్సీ. జువాలజీ చదివాక అర్థం చేసుకున్నాను. తాతకు కారణంతో పని లేదు, రాత్రంతా మేలుకుని ఉండడమే పని.

పిల్ల పుట్టిన గంటలోపే వణుకుతున్న కాళ్ళమీద లేచి నిలబడింది. రెండుసార్లు పడింది, మూడోసారి నిలిచింది. తాత దాన్ని ముట్టుకోనివ్వలేదు. తల్లి పూర్తిగా నాకి, వాసన పట్టి, పిల్ల పొదుగు వెతుక్కుని ముర్రుపాలు తాగేదాకా అందర్నీ దూరంగా కూర్చోబెట్టాడు. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. గుర్రప్పిల్లకు అలా అందదు. ముర్రుపాలతోనే అందాలి. అదీ మొదటి కొన్ని గంటల్లోనే. ఒక రోజు గడిస్తే పిల్ల పేగులు ఆ రక్షక పదార్థాలను లోపలికి తీసుకోవడం మానేస్తాయి. తాత పక్కనుండి చూసుకున్నది సరిగ్గా ఆ కొన్ని గంటలే.

గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి చుక్క. మగపిల్ల. "సుక్కడు" అని అక్క పేరు పెట్టింది. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. తను కూడా ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేది.

గుర్రాన్ని లొంగదీయాలంటే కొట్టాలని చాలామంది అనుకుంటారు. తాత మాటల్లో లొంగదీయడం అన్న మాటే ఉండేది కాదు, "మప్పడం" అనేవాడు. మూడో రోజు నుంచి రోజూ రెండుసార్లు పిల్ల దగ్గర కూర్చుని చేత్తో తడిమేవాడు. మొదట మెడ, తర్వాత వీపు, ఆ తర్వాత చెవులు, పొట్ట, చివరికి కాళ్ళు. ఒక చోట ముడుచుకుంటే అక్కడే చెయ్యి ఆపి, అది ఊపిరి వదిలేదాకా కదిలేవాడు కాదు. అది శాంతించాకే చెయ్యి తీసేవాడు. బెదిరినప్పుడు చెయ్యి తీసేస్తే, బెదిరితే మనిషి పోతాడన్న పాఠం నేర్చుకుంటుంది. కుదురుగా ఉన్నప్పుడు తీస్తే, కుదురుగా ఉంటే వదిలేస్తారన్న పాఠం నేర్చుకుంటుంది. చేసే పని ఒకటే, చెయ్యి తీసే సమయంలోనే తేడా అంతా.

నాకు నేర్పిన మొదటి నియమం, "ఒరే గుంటడా, ఎనకనుంచి ఎల్లకు. నువ్వు దానికి కానరావు." గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూరా చూడగలదు. కానీ సరిగ్గా తోక వెనుక, సరిగ్గా నుదుటి ముందు కొంచెం మేర కనిపించదు. కనిపించని చోట నుంచి ముట్టుకుంటే తన్నుతుంది. అది కోపంతో కాదు, ప్రాణభయంతో. కాబట్టి భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్ళాలి. మా ఇంట్లో అందరం గుర్రం దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి గొణుగుతూనే వెళ్తాం. అక్క ఎక్కాలు చదువుతూ వెళ్ళేది.

నెల దాటాక తలకు మెత్తటి తాడు కట్టి తల్లి పక్కనే నడిపించాం. పిల్లను తాడుతో ముందుకు లాగకూడదు. మెడ ఎముకలు లేతగా ఉంటాయి, లాగితే అది వెనక్కి గుంజుకుంటుంది. వెనక ఒక చెయ్యి ఆనించి, తల్లి నడిచినప్పుడే నడిపించాలి. ఆరు నెలలకు తల్లిపాలు మాన్పించాం. ఏడాదికల్లా సుక్కడు నాలుగు కాళ్ళూ అడగ్గానే ఎత్తి ఇచ్చేవాడు. ఇది చిన్న విషయం కాదు. పారిపోవడమే ప్రాణరక్షణగా పుట్టిన జంతువు కాలు మన చేతికి ఇచ్చిందంటే, ఆ కాసేపు తన ప్రాణం మన చేతికి ఇచ్చినట్టే.

కాలు ఎత్తడం ఎందుకంటే గిట్ట కోసం. గిట్ట అడుగున మూడు మూలలుగా, రబ్బరులా మెత్తగా ఉండే భాగం ఉంటుంది. దాని పక్క గాడుల్లో పేడ, బురద, రాళ్ళు ఇరుక్కుంటాయి. వానాకాలంలో రోజూ తియ్యకపోతే కుళ్ళి నల్లగా, దుర్వాసనగా తయారవుతుంది. మొద్దుకొన ఉన్న ఇనుప ములుకుతో మడమ నుంచి వేలి వైపు గీకాలి. ఒకటిన్నర, రెండు నెలలకోసారి పెరిగిన గిట్ట అంచు చెక్కించాలి.

మేత విషయంలో గుర్రం ఆవు లాంటిది కాదు. ఆవుకు నాలుగు అరల పొట్ట ఉంది, నెమరు వేస్తుంది. గుర్రానికి ఒకటే పొట్ట, అదీ శరీరంతో పోలిస్తే చాలా చిన్నది. పీచు జీర్ణమయ్యేది వెనకాల పెద్దపేగుల్లో. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకని కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు, గడ్డే ముఖ్యంగా పెట్టాలి. ఉలవలు నానబెట్టి గుప్పెళ్ళ లెక్కన పెట్టేవాళ్ళం, కుంచాల లెక్కన కాదు. మొయ్యాల్సిన రోజు బలం కోసమని గింజలు ఎక్కువ పెడితే కడుపునొప్పి వస్తుంది. పక్కకు తల తిప్పి డొక్క చూసుకోవడం, నేలను కాలితో గీరడం, పడి దొర్లడం దాని గుర్తులు. అప్పుడు మేత తీసేసి, పశువుల డాక్టరుకు కబురు పంపాలి. గుర్రానికి కడుపునొప్పి వస్తే ప్రాణం పోవచ్చు.

వానాకాలంలో జోరీగలు. అవి కుడితే నొప్పి ఒక్కటే కాదు, సర్రా అనే జబ్బు అంటిస్తాయి. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. మేత తింటూనే గుర్రం చిక్కిపోతుంది. పొట్ట కింద, కాళ్ళలో నీరు చేరుతుంది. ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో, అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల రక్తంలో కనిపెట్టాడు. ఆయన పేరుమీదే దానికి ట్రిపనోసోమా ఇవాన్సి అని పేరు. మా పాఠంలో ఆ పేరు వచ్చిన రోజు తాత గుర్తొచ్చాడు. తాత సాయంత్రం పూట వేపాకు, వావిలాకు పొగ వేసి గుర్రాలను ఆ పొగలో కట్టేవాడు. జబ్బు పేరు తెలియదు గానీ ఈగ తెలుసు. అయితే పొగ ఈగను తోలుతుంది గాని పట్టిన జబ్బును తగ్గించదు. దానికి సూది మందు ఉంది, వేయించాలి. అలాగే ధనుర్వాతం. ఆ క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. చిన్న ముల్లు గుచ్చుకున్నా గుర్రానికి చాలా ప్రమాదం. ముందుగా టీకా వేయించడం ఒక్కటే దారి.

ఇలా రెండేళ్ళు బాగానే గడిచాయి. 2016 సెప్టెంబరులో మా ఆడగుర్రం సంత నుంచి వస్తూ, గెడ్డ దాటే చోట తడిసిన బండమీద జారి పడింది. ముందు కాలు మోకాలికి పైన విరిగింది. పశువుల డాక్టరు గారు మరునాడు కాలినడకన కొండ ఎక్కి వచ్చి చూశారు. గుర్రం మూడు కాళ్ళమీద ఎక్కువ రోజులు నిలబడలేదనీ, పడుకునీ ఉండలేదనీ, ఈ ఎముక అతకదనీ చెప్పారు. ఆ సాయంత్రం జరిగింది ఇక్కడ రాయను. నేను హాస్టల్లోనే ఉన్నాను. దసరా సెలవులకు వెళ్ళేసరికి కొట్టంలో సుక్కడు ఒక్కడే ఉన్నాడు. తల్లిని కట్టే గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు.

అప్పుడు వాడికి రెండున్నరేళ్ళు. చూడ్డానికి పెద్ద గుర్రంలాగే ఉన్నాడు. మా ఇంటికి ఒక షావుకారు దగ్గర అప్పు ఉంది. జనవరి నుంచి పసుపు తవ్వకం. పసుపు కిందికి దిగితే అప్పు తీరుతుంది, లేకపోతే పెరుగుతుంది. దసరా రాత్రి ఇంట్లో జరిగిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"గుర్రం ఉండగా గుర్రం లేనోలం అయిపోతామేటి? మోస్తాది. కొంచిం కొంచిం యేద్దుం" అన్నాడు అయ్య.

తాత జవాబు చెప్పకుండా దీపం పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాడు. మేమూ వెళ్ళాం. సుక్కడి పెదవి పైకి ఎత్తి చూపించాడు. ముందు పళ్ళలో మధ్యవి రెండూ పాలపళ్ళు ఊడి, వాటి స్థానంలో పెద్ద పళ్ళు అప్పుడే తెల్లగా తొంగిచూస్తున్నాయి. పక్కవి ఇంకా పాలపళ్ళే.

"రెండే మారినాయి. నాలుగు మారితే బస్తా కట్టొచ్చు, ఆరూ మారితే బరువు కట్టొచ్చు. ఈ యేడు మోపితే ఈ యేడు మోస్తాడు. మరెప్పుడూ మొయ్యడు."

"మరి అప్పు ఎవులు తీరుస్తారు?"

"కావడి లేదేటి ఇంట్ల?"

తాత లెక్క ఎంత సరైనదో తర్వాత పుస్తకంలో చూశాను. గుర్రానికి ముందు మధ్య పళ్ళు సుమారు రెండున్నరేళ్ళకు, వాటి పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మారతాయి. ఎముకల కొసల్లో పెరిగే లేత భాగాలు కూడా అదే వరసలో, కింది నుంచి పైకి గట్టిపడతాయి. గిట్ట దగ్గరివి ముందు, మోకాలి దగ్గరివి రెండున్నరేళ్ళ ప్రాంతంలో, వెన్నెముకవి అన్నిటికన్నా చివర, అయిదేళ్ళ ప్రాంతంలో. బరువు పడేది ఆ చివర గట్టిపడే వెన్నుమీదే. పైకి ఒళ్ళు నిండుగా కనిపించినంత మాత్రాన లోపల ఎముక సిద్ధమైనట్టు కాదు. తాత ఎముక లోపలికి చూడలేడు కనుక నోట్లోకి చూశాడు.

షావుకారు మరో దారి చెప్పాడు. సుక్కణ్ణి అమ్మేస్తే అప్పు సగం మాఫీ అన్నాడు. కొనేవాళ్ళు వాణ్ణి ఇటుకల బట్టీకి తోలుకుపోతారని ఊళ్ళో అందరికీ తెలుసు. అమ్మ ఒప్పుకోలేదు. అలా ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ పసుపు మనుషులే మొయ్యాలని తేలింది.

నేను కూడా మోస్తానన్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్నాను, భుజాలు వచ్చాయి. "నువ్వు ఎల్లి సదువుకో. మొయ్యడానికి ఇక్కడ మేం ఉన్నాం" అంది అమ్మ. సెలవులు అయిపోయాక నేను హాస్టలుకు వచ్చేశాను. అక్క వెళ్ళలేదు. ఆ జూన్‌లోనే పది పాసై ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. "వొచ్చే యేడు ఎల్తాన్లే" అంది. ఆ వచ్చే ఏడు రాలేదు. అయ్య కావడి, అమ్మ నెత్తి, అక్క నెత్తి, ముగ్గురూ రెండు పసుపు కాలాలు మోశారు. వారానికి రెండుసార్లు దిగడం, ఎక్కడం. 2018 వేసవికి అప్పు తీరింది.

సుక్కణ్ణి ఆ రెండేళ్ళూ ఖాళీగా ఉంచలేదు. అదే అసలైన శిక్షణ. మొదట ఖాళీ గోనెసంచిని వాడికి వాసన చూపించి, మెడమీద రాసి, వీపుమీద వేసి తీసేవాళ్ళం. సంచి కింద పడినా, గాలికి ఎగిరినా బెదరకుండా ఉండేదాకా అదే. తర్వాత కట్లు. ఛాతీకి ఒకటి, పొట్ట కింద ఒకటి, తోక కింద నుంచి ఒకటి. కొండ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారకుండా ఛాతీ కట్టు, దిగేటప్పుడు మెడమీదికి రాకుండా తోక కట్టు. వీపుమీద వేసే బొంతను గడ్డితో రెండు చుట్టలుగా కుట్టి, మధ్యలో ఖాళీ వదిలేవాడు తాత. బరువు పక్కటెముకల మీద ఆనాలి, వెన్నుపూస మీద గాలి ఆడాలి. వెన్నుమీద పుండు పడితే గుర్రం నెలల తరబడి పనికిరాదు.

అలా కట్టి, బరువు లేకుండానే సంత దాకా నడిపించి తీసుకొచ్చేవాళ్ళు. ముందు అమ్మ, అక్క బస్తాలతో, వెనకాల సుక్కడు ఖాళీ సంచులతో. దారిలో కొందరు నవ్వేవారట. "గుర్రానికి సంచి, గుంటకి బస్తా" అని. ఆ మాట అక్క నాకు నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

పక్క పళ్ళు మారాక ఊక నింపిన సంచులు కట్టారు. సంచి పెద్దదిగా ఉంటుంది, బరువు ఉండదు. ఇరుకు దారిలో తన వెడల్పు ఎంతో, ఏ చెట్టుకు తగులుతుందో గుర్రం అలా నేర్చుకుంటుంది. తర్వాత 10 కిలోలు, 20 కిలోలు. రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క తేలితే చాలామంది ఆ పక్క రాయి పెడతారు. తాత పెట్టనిచ్చేవాడు కాదు. "బరువైన పక్కనుంచి తియ్యి. రాయి అమ్ముతావేటి సంతల?" అనేవాడు. 2018 చివరికి ఆరు పళ్ళూ మారాయి. 2019 జనవరిలో సుక్కడు మొదటిసారి నిండు బరువుతో పసుపు దించాడు.

నిండు బరువంటే ఎంత? జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి చట్టం కింద 1965లో కేంద్ర ప్రభుత్వం బండ్లు లాగే, బరువులు మోసే పశువులకు నిబంధనలు చేసింది. దాని ప్రకారం పోనీమీద 70 కిలోలకు మించి వెయ్యకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా అయిదు గంటలకు మించి నడిపించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. మా తాతకు ఈ నిబంధనలు తెలియవు. కానీ ఆయన వేసే బరువు ఎప్పుడూ ఆ లెక్క దాటలేదు. నేను ఆ పట్టికను లైబ్రరీలో మొదటిసారి చూసినప్పుడు ఎద్దు, దున్న, పోనీ, కంచరగాడిద, గాడిద, ఒంటె అని వరసగా చదువుతూ పోయాను. అది పశువుల పట్టిక కాబట్టి అందులో పదహారేళ్ళ ఆడపిల్ల వరస ఉండదు. ఉండదని తెలిసే వెతికాను.

గుర్రాన్ని మప్పడం గురించి మనుషులు ఎప్పటినుంచో రాస్తున్నారు. సుమారు 2,400 ఏళ్ళ క్రితం గ్రీసు దేశపు జెనోఫోన్ గుర్రాల మీద ఒక పుస్తకమే రాశాడు. కోపంతో ఉన్నప్పుడు గుర్రం దగ్గరికి పోవద్దన్నది ఆయన ముఖ్యమైన సలహా. గుర్రం మనల్ని ఎంత నిశితంగా చూస్తుందో చెప్పే సంఘటన కూడా ఒకటుంది. 1900 ప్రాంతంలో జర్మనీలోని బెర్లిన్‌లో క్లెవర్ హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరుపడింది. కూడిక చెబితే జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేల తట్టేది. 1907లో ఆస్కర్ ఫంగ్స్ట్ అనే పరిశోధకుడు అసలు విషయం తేల్చాడు. దానికి లెక్కలు రావు. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగిన మనిషి తలలో, ముఖంలో తనకే తెలియకుండా కలిగే చిన్న కదలికను చూసి ఆపేసేది. జవాబు తెలియని మనిషి అడిగితే దానికీ తెలిసేది కాదు. అంటే మన ముఖంలో మనకే తెలియని మాటను గుర్రం చదువుతుంది. అయ్య అప్పు గురించి దిగులుగా ఉన్న రోజుల్లో సుక్కడు మేత సరిగా తినేవాడు కాదని అమ్మ చెప్పింది. అప్పట్లో అది అమ్మ ఊహ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఇప్పుడు సుక్కడికి పదేళ్ళు దాటాయి. తాత 2021లో పోయాడు. మా కొండకు సగం దాకా మట్టిరోడ్డు వచ్చింది. సగం దారి సుక్కడు, మిగతా సగం ఆటో. ఊళ్ళో ఇంతకుముందు ఏడెనిమిది గుర్రాలు ఉండేవి, ఇప్పుడు మూడు. రోడ్డు పూర్తయితే ఆ మూడూ ఉంటాయో లేదో చెప్పలేను. గుర్రాల కోసం రోడ్డు వద్దనే మనిషి మా ఊళ్ళో ఎవరూ లేరు, నేనూ కాదు. పురిటి నొప్పుల మనిషిని డోలీలో మోసుకుని దిగిన దారి అది. రోడ్డు రావాలి. అయితే రోడ్డు వచ్చిన రోజున పని లేదని సుక్కణ్ణి బట్టీవాళ్ళకు అమ్మకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. మోసినన్నాళ్ళూ మోశాడు, మిగతా రోజులు మేస్తాడు.

అక్కకు 2020లో పెళ్ళయింది. కూతురు అంగన్‌వాడీకి వెళ్తోంది. అక్కకు మెడ వెనక నొప్పి ఉంది. వర్షాకాలంలో ఎక్కువవుతుంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. దాన్ని తీసుకెళ్ళి చూపించిన రోజు అందరూ సంతోషించారు. అక్క దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, తడి చేత్తో ముట్టుకున్నానని కొంగుతో తుడిచి ఇచ్చింది. మా ఇంట్లో ఒక గుర్రం ఎముకలు ముదిరేదాకా ఆగడానికి అందరూ ఒప్పుకున్నారు. అది మంచి పనే. ఆ మంచి పనికి అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో ఎవరూ గట్టిగా అడగలేదు. అయ్య చెడ్డవాడు కాదు, తాత అంతకంటే కాదు. ఇల్లు గడవాలి, ఎవరో ఒకరు మొయ్యాలి. ఆ "ఎవరో ఒకరు" ఎప్పుడూ ఇంట్లో ఆడపిల్లే ఎందుకు అవుతుందన్నదే ప్రశ్న. పళ్ళు చూసే తాత అక్క మార్కుల కాగితం కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేదని అనుకుంటాను. చూసినా ఆయనకు చదవడం రాదు.

ఈ సంవత్సరం అక్క ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు ఫీజు కట్టింది. నేను కట్టమనలేదు, తనే అడిగింది. పుస్తకాలు మాత్రం నేను తీసుకెళ్ళి ఇచ్చాను. కూతురు పడుకున్నాక చదువుతోందట. సుక్కడికి మేత వేసేటప్పుడు ఇప్పుడు ఎక్కాలకు బదులు పౌరశాస్త్రం పైకి చదువుతోందని అమ్మ ఫోన్లో చెప్పింది.

తమ్ముళ్ళారా, ఈ హాస్టల్లో మనకు మూడు పూటలా అన్నం, పుస్తకం, పడుకోవడానికి చోటు ఉన్నాయి. అవి ప్రభుత్వం ఇచ్చినవి. కానీ మనం ఇక్కడ కూర్చుని చదువుతున్న గంటల్లో మన ఇంటి దగ్గర మన వంతు బరువు ఎవరో మోస్తూ ఉంటారు. మీ ఇంట్లో గుర్రం లేకపోవచ్చు, ఆ మోసే మనిషి మాత్రం ఉంటారు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళెవరో తెలుసుకోండి. అక్కో చెల్లో బడి మానేసి ఉంటే, ఏ తరగతిలో మానేసిందో అడగండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతీ ఇంటరూ రెండూ చదవొచ్చు. దరఖాస్తు రాయడం మీకు వచ్చు కదా, వాళ్ళ చేత రాయించండి.

(రచయిత మన హాస్టల్ పూర్వ విద్యార్థి. ప్రస్తుతం ఎం.ఎస్సీ. జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నారు.)